ట్రైలర్ మెడలో ఉలి ముక్క

"కోసెత్తానమా. రేపు పొద్దున్నే ఆ బ్రేకు గొట్టం కోసి కాలవలో పారెత్తాను. దాంతో పీడా పోతాది."

"కోసి సూడు. కోసిన నాడే ఈ గుమ్మం దిగి తెలుక్ ఇంటాన్‌లో మీ అక్క ఇంటికి ఎల్లిపోతాను."

"ఎల్లు. నానే దింపుతాను. యెనక దీపం పగిలిపోనాది గాని ముందుకెల్డానికి ఏటవుతాది?"

"ఎందుకు పగిలిపోనాదో అది సెప్పు ముందు."

"నన్నడుగుతావేటి? దారం ఇప్పొద్దన్నదెవరు?"

డెబ్భై నాలుగేళ్ళు వచ్చాయి నాకు. కన్నకొడుకు నన్ను అలా నిలదీయడం అదే మొదలు.

సాయంత్రం ఐదున్నర అయి ఉంటుంది. వాకిట్లో వాడి పికప్ బండి, బండికి తగిలించిన ట్రైలరు, ట్రైలరు మీద తాళ్ళతో కట్టిన చేపల పడవ. బండి వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయింది. ఎడమ వైపు దీపం పగిలి వైర్లు బయటికి వేలాడుతున్నాయి. మా కోడలు తమిళ పిల్ల, పాతికేళ్ళుగా మా ఇంట్లో ఉండి మా తెలుగే మాట్లాడుతుంది, మధ్యలో తమిళమూ, ఈ మలాయి దేశంలో అందరూ మాట చివర తగిలించే 'లా' కూడా దొర్లుతాయి. ఉతికిన బట్టలు చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"పోదుం అత్తా, చాలు లా. పక్కింటోళ్ళు గేటు కాడికొచ్చి నిలబడ్డారు."

"నిలబడనీ. కాళ్ళు నొప్పెడతాయి, కుర్చీలెయ్యి ఆళ్ళకి," అన్నాను.

అన్నాను గాని అందులో ఉప్పూ కారం లేదు. ఆ రోజు ఎవరి మీదా కోపగించుకునే ఓపిక నాకు లేదు. తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. ట్రైలరు మెడకు చుట్టిన పసుపు దారం మీదే ఉంది. అది నేను చుట్టిన దారం.

ఆ దారం సంగతి చెప్పాలంటే ముందు ఆ బ్రేకు సంగతి చెప్పాలి. నేను ఎస్టేటు బడిలో మూడేళ్ళు చదివాను, అంతే. యంత్రాల మాటలు నాకు రావు. కళ్ళతో చూసింది చెబుతాను.

నా కొడుకు మా ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో పడవలు మోస్తాడు. నదిలో ఉన్న పడవను ట్రైలరు మీదికి ఎక్కించి మా వాకిట్లోని షెడ్డుకు తెస్తాడు. అడుగు గీకి, పగుళ్ళు పూడ్చి, రంగు వేసి మళ్ళీ నీళ్ళలో వదులుతాడు. ఇంజను పని ఉంటే పక్క పట్నం తెలుక్ ఇంటాన్ తీసుకెళతాడు. మొదట వాడి దగ్గర ఉన్నది బ్రేకు లేని చిన్న ట్రైలరు. పెద్ద పడవలు రావడం మొదలయ్యాక ఒక తౌకే, అంటే చీనా షావుకారు, దగ్గర ఈ ట్రైలరు కొన్నాడు. తౌకే ఇంకెవరి దగ్గరో కొని, కొన్నాళ్ళు వాడుకుని, మాకు అమ్మాడు. దీనికి సొంత బ్రేకు ఉంది.

ఆ బ్రేకుకు ఎవరి కాలూ అక్కర్లేదు. ట్రైలరు ముందు భాగంలో ఒక ఇనుప మెడ ఉంటుంది. ఒక గొట్టంలో ఇంకో గొట్టం దూరి ఉన్నట్టుంటుంది. ముందున్న బండి ఆగితే వెనకున్న పడవ బరువు ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుకు మెడ లోపలికి జరుగుతుంది. జరిగితే లోపలున్న నూనె నొక్కుకుని ట్రైలరు చక్రాలను పట్టేస్తుంది. బండి ఎంత గట్టిగా ఆగితే ట్రైలరు అంత గట్టిగా ఆగుతుంది. మంచి ఏర్పాటే. ఎవరు కనిపెట్టారో గాని బుద్ధిమంతుడు.

తంటా అంతా వెనక్కి నడపడంలోనే ఉంది. వెనక్కి పోనివ్వడాన్ని ఈ దేశంలో అందరూ గోస్తాన్ అంటారు, మలాయి వాళ్ళైనా, చీనా వాళ్ళైనా, మేమైనా. పోటు నీళ్ళు వాకిట్లోకి రాకుండా మా ఇల్లు మెరక మీద కట్టుకున్నాం. రోడ్డు పల్లం, వాకిలి ఎత్తు. సందు ఇరుకు కాబట్టి బండి ముందుకు వచ్చి తిరగడానికి చోటు లేదు. గోస్తాన్‌లోనే పైకి ఎక్కించాలి. బండి వెనక్కి తోస్తుంది, పడవ బరువు కిందికి లాగుతుంది, మధ్యలో మెడ నొక్కుకుంటుంది. ఇక ట్రైలరుకు బండి ఆగుతోందో, తనను వెనక్కి నెడుతోందో తేడా ఏముంది? దానికి తోపు ఒక్కటే తెలుసు. చక్రాలు పట్టేసుకుంటుంది.

మొదటి నెలంతా మా వాకిలి యుద్ధరంగం. బండి చక్రాలు ఎర్రమట్టిని తవ్వేవి. ట్రైలరు మొండిగా కూర్చునేది. నా కొడుకు దిగి దాన్ని కాలితో తన్నేవాడు.

"దాన్నెందుకు తంతావు? అది దాని పని సేసుకుంతన్నాది," అనేదాన్ని.

"అయితే నువ్వే దిగి దానికి సెప్పమా, ఇది గోస్తానని."

తెలుక్ ఇంటాన్ మెకానిక్ రెండు దారులు చెప్పాడు. ఆ మెడలో ఒక చిన్న సందు ఉంది, అందులో పెట్టే పిన్ను ఒకటి దీనితోపాటే రావాలి, అది పెడితే మెడ జరగదు, బ్రేకు పట్టదు. మా తౌకే దాన్ని ఎక్కడో పారేసుకున్నాడు. రెండోది వైరుతో పనిచేసేది. బండి గోస్తాన్ దీపం వెలిగితే చాలు, నూనె దారి దానంతటదే మూసుకుపోతుందట, బ్రేకు పడదట. ఎవరూ దిగక్కర్లేదు, ఏదీ పెట్టక్కర్లేదు, తియ్యక్కర్లేదు. కొడుకు ఆ రెండోదే పెట్టిద్దామన్నాడు.

నేను వద్దన్నాను. దీపం వెలిగితే బ్రేకు ఆగడమేంటి, డబ్బున్నవాళ్ళ వేషాలు అన్నాను. ఒక ఇనుప ముక్క చేసే పనికి వైర్లూ దీపాలూ ఎందుకు? పిన్ను కూడా కొననివ్వలేదు. ఇంట్లో ఉన్నదానితో జరిగే పనికి బయట కొనడం నాకు చేతకాదు. పాత గోనెసంచి కూడా పారెయ్యను నేను. మా కోడలు నా మంచం కింద ఊడిస్తే మళ్ళీ నేను వెళ్ళి చూసుకుంటాను, ఏమైనా తీసేసిందేమోనని.

ఒక రోజు మెట్టు మీద కూర్చుని నెత్తళ్ళ చేపల తలలు తుంచుతూ ఆ మెడనే చూశాను. కొడుకు బండిని ఒక అడుగు ముందుకు లాగినప్పుడు మెడ సాగింది, నాలుగు వేళ్ళ సందు కనబడింది. వెనక్కి తోసినప్పుడు ఆ సందు మూసుకుపోయింది. మూసుకోకుండా అందులో ఏదైనా అడ్డం పెడితే సరి కదా. లోపలికి వెళ్ళి మంచం కింద పెట్టె లాగాను.

అందులో మా ఆయన ఉలి ఉంది. పామాయిలు గెలలు కోసే ఉలి. ఎస్టేటులో పద్దెనిమిదేళ్ళు దాంతోనే కోశాడు. అంచు అరిగి, నడుం దగ్గర విరిగి, చివరికి అరచేతంత ఇనుము మిగిలింది. దాన్నీ దాచాను. తెచ్చి సందులో పెడితే సరిగ్గా పట్టింది. కొడుకు గోస్తాన్ చేశాడు. ట్రైలరు మారుమాట లేకుండా ఎత్తు ఎక్కింది.

"అబ్బో," అన్నాడు కొడుకు బండిలోంచి తల బయటపెట్టి. "మా అమ్మ ఇంజినీరే లా!"

ఆ రోజు నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఎందుకు దాచుకోవాలి, గర్వపడ్డాను. దానికి ఇంకో మంచి గుణం ఉంది. గోస్తాన్‌లో మెడ నొక్కుకుని ఉన్నంతసేపే అది నిలబడుతుంది. బండి ముందుకు కదిలిందా, మెడ సాగి అదే వదులై కింద పడిపోతుంది. మరిచిపోయి రోడ్డెక్కడానికి వీల్లేదు. టంగుమని చప్పుడు వినబడితే కొడుకు దిగి, తీసి, సీటు కింద పెట్టుకునేవాడు. పది నెలలు అలాగే నడిచింది.

తర్వాత దసరా వచ్చింది.

ఆయుధ పూజ మా ఇంట్లో మా అత్త చేసినట్టే చేస్తాను. ఎస్టేటు లైను ఇళ్ళలో ఆవిడ అలా చేసేది. బండ్లకూ సైకిళ్ళకూ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తే వాటి పూజ అయిపోయినట్టే, నడపొచ్చు. చేతి పనిముట్టుకు మాత్రం పసుపు పూసి, బొట్టు పెట్టి, పసుపు దారం చుట్టాలి. ఆ దారం మూడోనాడు పొద్దున్న గాని విప్పకూడదు. అందాకా ఆ పనిముట్టుకు సెలవు. ఎందుకని మా అత్తను నేను అడగలేదు. నా కొడుకు నన్ను అడగలేదు. మా ఆయన పోయాక కూడా ఆ ఉలి ముక్కకు ఏటా దారం చుడుతూనే ఉన్నాను.

ఈసారి పూజ వేళకు ట్రైలరు వాకిట్లో ఎత్తు మీద ఉంది. ఉలి దాని మెడలో ఇరుక్కుని ఉంది. తియ్యాలంటే బండిని ముందుకు లాగాలి, మళ్ళీ గోస్తాన్ చెయ్యాలి, మళ్ళీ అడ్డం పెట్టాలి. ఎందుకీ శ్రమ అనుకున్నాను. నడుం వంచి, ఉన్నచోటే దానికి పసుపు పూశాను, మూడు బొట్లు పెట్టాను. దారం చుట్టడానికి ఉలి చుట్టూ చెయ్యి తిరగలేదు. అందుకని మెడతో కలిపి తొమ్మిది చుట్లు చుట్టి గట్టిగా ముడివేశాను. కొత్త దారం, మంచి గట్టి నూలు.

మర్నాడు పొద్దున్న ఏడు కాకముందే ఫోను వచ్చింది. జెట్టీ దగ్గర ఒక మలాయి ముసలాయన, బాబాయి అన్నట్టు మేము పాక్ చిక్ అంటాం, ఆయన పడవ ఇంజను ఆగిపోయింది, తెలుక్ ఇంటాన్ తీసుకెళ్ళాలి. పోటు తియ్యకముందే పడవను గట్టెక్కించాలి. నేను వంటింట్లో చక్కోడాలు వేయిస్తున్నాను. కొడుకు నిమ్మకాయలు తొక్కించి బండి ఒక జానెడు ముందుకు లాగాడు. ఆగి, దిగి, కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అమా, దారం ఇప్పనా?"

"ఏ దారంరా?"

"నాన్న ఉలికి కట్టినావు కదా."

"మూడోనాటి దాకా ఇప్పకూడదని తెలీదేటి నీకు? గెడ్డం నెరిసింది, ఇంకా అడుగుతావు."

"సరే."

అంతే మాట. నూనె కాగుతోంది, చక్కోడాలు మాడిపోతాయేమోనని నా కళ్ళు మూకుడు మీదే ఉన్నాయి. నాకు ఉలి గుర్తుంది, దారం గుర్తుంది, మా అత్త గుర్తుంది. అది బ్రేకుకు అడ్డం ఉన్న ముక్క అన్నది మాత్రం గుర్తు లేదు. వాడికీ గుర్తు లేకపోయిందని అనను. అడిగాడంటే ఎక్కడో తోచే ఉంటుంది. అమ్మ వద్దంది, వదిలేశాడు. నలభై ఆరేళ్ళుగా వదిలేస్తున్నాడు.

జెట్టీ దగ్గర దిగుడు. దిగుడులో గోస్తాన్‌కు పేచీ లేదు, ట్రైలరే ముందుగా జారుతుంది. ఖాళీ ట్రైలరుకు బరువు లేదు. అందుకని నది దాకా ఏ తేడా తెలియలేదు. పడవ ఎక్కాక, తెలుక్ ఇంటాన్ దారిలో వంతెన దిగుతుంటే ముందు వెళ్తున్న గెలల లారీ ఉన్నట్టుండి ఆగింది. వీడు బ్రేకు తొక్కాడు. బండి ఆగబోయింది, ట్రైలరు ఆగలేదు. పడవ బరువంతా వెనక నుంచి తోసి బండిని రోడ్డుకు అడ్డంగా తిప్పేసింది. ట్రైలరు వంకర తిరిగి దాని మూల వచ్చి బండి వెనక గుద్దింది. రెండూ కలిసి పక్కనున్న గడ్డిలోకి దిగాయి. ఇంకో బారెడు పోతే కాలవ.

వాడికి గీత పడలేదు. పాక్ చిక్ పక్క సీట్లో ఉన్నాడు, ఆయనకూ ఏమీ కాలేదు. ఇద్దరూ దిగి చాలాసేపు గడ్డిలోనే కూర్చున్నారట. మళ్ళీ రోడ్డెక్కేసరికే మధ్యాహ్నం దాటింది. ఆ తర్వాత నడక వేగంతో బండిని ఇంటికి తిప్పుకుని వచ్చాడు. అదే ఉలితో గోస్తాన్ చేసి వాకిలి ఎక్కించాడు.

దారం అప్పటికీ మెడకు ఉంది. తొమ్మిది చుట్లూ ఉన్నాయి. ఆ దారమే లేకపోతే పొద్దున బండి కదిలినప్పుడే ఉలి టంగుమని కింద పడేది.

ఇదీ జరిగింది. మొదట చెప్పిన పోట్లాట ఆ సాయంత్రానిది. దారం ఇప్పొద్దన్నదెవరని వాడు అడిగితే నేను వెళ్ళి ఆ దారం ముడి తడిమి చూశాను. కోడలు బట్టలు పట్టుకుని అక్కడే నిలబడింది.

"అంత జరిగినాక కూడా ఎందుకు ఇప్పనేదురా?" అన్నాను. "గడ్డిలో కూకున్నప్పుడైనా ఇప్పొచ్చు కదా. అలాగే ఇంటి దాకా తోలినావేటి?"

"నువ్వు నీ కళ్ళతో సూడాలని."

"సూసినాను."

"సూసినావు కదా. అందుకే కోసెత్తానంతన్నాను. కోపంతో అనట్లేదమా. ఆ ముక్క పెట్టడం, తియ్యడం, ఏదో ఒకనాడు మర్సిపోడం. బ్రేకుందనుకుని తోలితే సచ్చిపోతాం. నేదని తెలిస్తే మెల్లగా తోల్తాను. పాత ట్రైలరుకి నేదు, ఏటయినాది?"

వాడి మాటలో న్యాయం ఉంది. అదే నన్ను ఎక్కువ అలసిపోయేట్టు చేసింది. తప్పుడు మాటైతే ఒక్క కేకతో కొట్టేసేదాన్ని.

నేను మెట్టు మీద కూర్చున్నాను.

మా ఆయన గెలలు కోయడం మానేశాక ఎస్టేటులో ట్రాక్టరు తోలాడు. దాని వెనక గెలల ట్రైలరు, దానికి బ్రేకు లేదు. లేదని ఆయనకు తెలుసు. మెల్లగానే తోలేవాడు. ఒక వాన రోజు మట్టి దిగుడులో ట్రైలరు తోసుకొచ్చి ట్రాక్టరును మడిచేసింది. ఎడమ కాలు మధ్యలో పడింది. అప్పటికి నా కొడుకు ఇంకా బడిలో కూడా చేరలేదు. వాడికి తెలిసిన నాన్న కుంటి నాన్నే.

"మీ నాన్నకీ తెలుసురా, బ్రేకు నేదని," అన్నాను. "మెల్లగానే తోలినాడు. ఇరవయ్యేళ్ళు ఆ కాలికి రాత్రీ పగలూ నూనె రాసినాను. ఇప్పుడు నీ కాలికి రాయడానికి నా సేతుల్లో సత్తువ నేదు. సూడు, పొద్దున్న ఏయించిన చక్కోడం విరవడానికే నేదు."

వాడు బండి వెనక వేలాడుతున్న వైర్లను వేలితో లోపలికి నెట్టాడు.

"దారం ఇప్పొద్దన్నది నానే," అన్నాను. "చక్కోడాలు సూసుకున్నాను గాని నిన్ను సూసుకోనేదు. పిన్ను కొననివ్వనిదీ నానే. తప్పు నాదైతే నన్నను. బ్రేకుని కోత్తావేటి?"

కోడలు నా వైపు తిరిగి చూసింది. పాతికేళ్ళలో ఆ మాట నా నోట ఆమె వినలేదు. గేటు దగ్గర నిలబడ్డ పక్కింటావిడ కూడా విన్నట్టుంది, మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది. కుర్చీ వేసినా ఉండేది కాదు.

"నిన్ననడానికి నాకు టైము నేదు," అన్నాడు కొడుకు. "పాక్ చిక్ పడవ రేపు ఇంజను పనికి దింపాల."

"అయితే రేపు తెలుక్ ఇంటాన్ నానూ వత్తాను."

"అక్క ఇంటికా?"

"నోరు ముయ్యి. మెకానిక్ కాడికి. ఆ దీపం వేషమేదో ఉన్నాది కదా, అది పెట్టమను."

"వద్దన్నావు కదా."

"ఇప్పుడు పెట్టమంతన్నాను. నా నోటి మీద ఆధారపడే బ్రేకు వద్దు మనకి."

వాడు లోపలికి వెళ్ళి స్నానం చేశాడు. చక్కోడాలు డబ్బాలో అలాగే ఉన్నాయి. ఆ రోజు ఎవరూ ముట్టలేదు.

మర్నాడు మూడోరోజు. తెల్లవారగానే తలంటుకుని వాకిట్లోకి వెళ్ళాను. ముడి గట్టిగా బిగుసుకుపోయింది, గోళ్ళతో రాలేదు. కోడలు కత్తెర తెస్తే వద్దన్నాను, దారాన్ని కొయ్యకూడదు. పావుగంట కూర్చుని నేనే విప్పాను. కొడుకు బండిని ఒక అడుగు ముందుకు లాగాడు. ఉలి ముక్క టంగుమని కింద పడింది. పసుపు కడిగి, తుడిచి, దేవుడి పటం దగ్గర పెట్టాను.

ముందు సీట్లో నేను కూర్చున్నాను. వంతెన దిగుడులో వాడు కావాలనే ఒకసారి బ్రేకు తొక్కాడు. వెనక నుంచి చిన్న కుదుపు వచ్చింది, ట్రైలరు మాతో పాటే ఆగింది. ఇంజను బాగుచేసేవాడి దగ్గర పడవ దింపి మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. పగిలిన దీపం ముందు మార్చాలి, అది వెలిగితేనే మీరు పెట్టమంటున్న ఏర్పాటు పనిచేస్తుంది అన్నాడు. మార్చమన్నాను. నాలుగింటికి రమ్మన్నాడు.